పది వేలలో పద్యాలకు మైకు: ఒంగోలు అద్దె ఇంట్లో నా అనుభవం

మా మావయ్య పద్యాలు ఇంట్లోనే రికార్డు చేయాలని నవంబరులో అనుకున్నాను. జనవరి మొదటి వారానికి పని అయింది. మధ్యలో ఏం కొన్నాను, ఏం అమ్మేశాను, ఎంతయింది అన్నది రాస్తున్నాను. మైకుల గురించి యూట్యూబ్‌లో చెప్పేవాళ్లలో చాలామంది ఏసీ గదిలో, గోడలకు స్పాంజి అంటించుకుని కూర్చుని చెబుతారు. మాది మొదటి అంతస్తు, టైల్స్ నేల, పైన స్లాబు, కిటికీ తీస్తే రోడ్డు. వాళ్లు చెప్పినవి ఇక్కడికి వచ్చేసరికి సగం తలకిందులయ్యాయి.

మావయ్య సంగతి ముందు చెప్పాలి, ఎంపికంతా ఆయన గొంతు మీదే నడిచింది కాబట్టి. ఊరు కొండపి దగ్గర. పొగాకు రైతు. కుర్రతనం నుంచి పద్యనాటకాల్లో కృష్ణుడి వేషం కట్టేవాడు. ఒకప్పుడు ఐదున్నర శ్రుతిలో పాడేవాడట, ఇప్పుడు 68 ఏళ్లకి నాలుగుకి దిగాడు. దిగినా అది మామూలు గొంతు కాదు. పందిట్లో ఆఖరి వరస దాకా వినపడాలని సాధన చేసిన గొంతు. నాది దానికి పూర్తి తేడా. భజనల్లో, అప్పుడప్పుడూ పెళ్లిళ్లలో పాడే మెత్తటి గొంతు. ఇద్దరికీ ఒకటే మైకు కావాలి, మొత్తం ఖర్చు పది వేలు దాటకూడదు. గడువు కూడా ఉంది. జనవరి నెలాఖరుకి బ్యారన్లు (పొగాకు ఆకును వేడితో ఎండబెట్టే గదులు) కాల్చడం మొదలైతే ఆయన ఒంగోలు రాడు. వచ్చినా, రాత్రుళ్లు బ్యారన్ దగ్గర మేలుకున్న మనిషి చేత పద్యం పాడించడం పాపం.

నవంబరు 16న ఆయన ఏదో పని మీద వస్తే ఫోన్‌తోనే మొదలుపెట్టాం. వచనం బాగా వచ్చింది. పద్యం చివర రాగం తీసే చోట తేడా కొట్టింది. ఆయన ఒక స్వరం మీద నిలబడితే రెండు మూడు సెకన్లకి అది సన్నబడి లోపలికి పోతోంది. పక్కన తంబూరా యాప్ పెడితే మొదట వినిపించి తర్వాత మాయమైంది. కాసేపు తల గోక్కున్నాక తెలిసింది. మాట స్పష్టంగా వినిపించడం కోసం ఫోన్ చుట్టూ ఉన్న చప్పుడును తగ్గిస్తుంది. మార్పు లేకుండా సాగే శబ్దం ఏదైనా దానికి ఫ్యాన్ హోరే. ఏళ్ల తరబడి సాధన చేసి కదలకుండా నిలబెట్టిన స్వరాన్ని మా ఫోన్ ఫ్యాన్ కింద జమ కట్టేసింది. ఈ ముక్క మావయ్యకి ఇప్పటికీ చెప్పలేదు. వేరే యాప్‌లో ఆ చప్పుడు తగ్గించే ఏర్పాటును ఆపేసి చూశాను. స్వరం నిలిచింది గానీ, గట్టిగా ఎత్తుకున్న చోటల్లా గొంతు చిట్లినట్టు వచ్చింది.

తర్వాత ఆన్‌లైన్ క్లాసులు చెప్పే మిత్రుడి దగ్గర కాలర్ మైకు తెచ్చాను. చొక్కాకి తగిలించుకునేది. పాఠం చెప్పడానికి అది చక్కటి వస్తువు, ధర కూడా వెయ్యి లోపే. కానీ అది అన్ని వైపుల నుంచీ వింటుంది. మావయ్య పద్యం, ఆ పద్యం గోడకు కొట్టుకుని తిరిగి వచ్చిన పద్యం, కింద బండి స్టార్ట్ చేస్తున్నవాడు, అన్నీ కలిసి వచ్చాయి. పైగా ఆయన చెయ్యెత్తి అభినయం పట్టినప్పుడల్లా కండువా మైకుకి రాసుకుని గరగర.

ఆ రోజే మావయ్య తన సంచిలోంచి పాత స్టేజీ మైకు ఒకటి తీశాడు. నాటక సమాజం నడిపిన రోజుల్లోది. దాని వైరు చివర లావుపాటి జాక్. ట్రంకు రోడ్డులో సౌండ్ సామాన్ల షాపులో దానికి కన్వర్టర్ దొరికింది, ల్యాప్‌టాప్‌కి పెట్టాం. శబ్దం చాలా చిన్నగా వచ్చింది. అలాంటి మైకు పంపే కరెంటు బాగా తక్కువ, ల్యాప్‌టాప్ జాక్‌కి అది చాలదు. సాఫ్ట్‌వేర్‌లో పెంచితే వెనక నుంచి సుయ్‌మని హోరు. కానీ ఆ హోరులోనే ఒకటి గమనించాను. పద్యం పద్యంగా ఉంది, గది లేదు, రోడ్డు లేదు. చెవులు రిక్కిస్తే తప్ప హారన్లు వినపడలేదు. మైకు స్విచ్ అరిగిపోయి మధ్యమధ్యలో ఆగిపోతోంది కాబట్టి అదే వాడుకునే అవకాశం లేదు. ఈ సంగతి మటుకు మనసులో పెట్టుకున్నాను.

మనసులో పెట్టుకుని కూడా ముందు కండెన్సర్ మైకే, అంటే సన్నటి శబ్దాన్ని కూడా పట్టే రకమే కొన్నాను. వీడియోలు చేసేవాళ్లందరూ ఇంట్లో పాడటానికి కండెన్సర్ అని ఒకటే మాట, నా గొంతుకి అదే సరిపోతుందని కూడా అనిపించింది. నవంబరు 24 రాత్రి ఆర్డర్ పెట్టాను. 2,900 రూపాయలు. నేరుగా యూఎస్‌బీకి పెట్టేది, బల్లకి బిగించే చెయ్యి, నోటి గాలి దెబ్బను ఆపే పాప్ ఫిల్టర్ అన్నీ పెట్టెలోనే. 29న వచ్చింది.

ఆ సాయంత్రం నేను ఒక భజన పాడుకుని హెడ్‌ఫోన్స్‌లో విన్నాను. నిజం చెప్పాలంటే గొంతు గట్టిగా పట్టేసింది. ఊపిరి, పెదవుల తడి, ఒక్కో గమకం విడివిడిగా. నా గొంతు ఇంత బాగుంటుందా అని మా ఆవిణ్ని పిలిచి వినిపించాను. ఆమె హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, "మీ వెనకాల పప్పుకి విజిల్స్ ఎన్ని వచ్చాయో కూడా లెక్క పెట్టుకోవచ్చు," అంది. కుక్కరు మాది కాదు, పక్క వాటాది.

ఇంకోటి, ల్యాప్‌టాప్ ఛార్జర్ పెట్టగానే బుయ్‌మని హమ్. మైకు పాడయిందేమోనని టెన్షన్ పడ్డాను. ఛార్జర్ పీకితే హమ్ పోయింది. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్‌లో పెట్టడం వల్ల ఎర్తింగ్ అందలేదు, అంతే. మా ఎలక్ట్రీషియన్ చూసి, గదిలో ఉన్న మూడు పిన్నుల సాకెట్‌కి కూడా ఎర్త్ వైరు కలపలేదని చెప్పాడు. అద్దె ఇల్లు, ఓనరు గారితో ఆ చర్చ మనకెందుకని రికార్డింగ్ అంతా బ్యాటరీ మీదే చేద్దామని తేల్చుకున్నాను. మీకు హమ్ వస్తే మైకు వాపసు పంపే ముందు ఛార్జర్ పీకి చూడండి.

డిసెంబరు 7న మావయ్య వచ్చి దాని ముందు పాడాడు. గెయిన్ (మైకు శబ్దాన్ని ఎంత పెంచి తీసుకోవాలో చెప్పే మీట) పూర్తిగా తగ్గించినా రాగం ఎత్తిన చోట పగిలింది. వెనక్కి జరిగి పాడితే పగల్లేదు గానీ, బావిలో నిలబడి పాడినట్టుంది. టైల్స్, స్లాబు, ఖాళీ గోడలు, ఆ గొంతు. కండెన్సర్ మొత్తం విని మొత్తం రాసుకుంటుంది. నా మెత్తటి గొంతుకి ఆ గుణమే వరం, మావయ్యకి అదే శాపం. తిరిగి ఇచ్చేద్దామంటే పేజీలో చిన్న అక్షరాల్లో ఏడు రోజుల రీప్లేస్‌మెంట్ మాత్రమే అని ఉంది, డబ్బు వాపసు లేదు. మైకులో లోపమేమీ లేదు కదా, రీప్లేస్‌మెంట్‌తో ఒరిగేదేముంది. చివరికి ఆ క్లాసుల మిత్రుడే 2,200కి తీసుకున్నాడు. 700 పోయాయి.

ఇక విని కొనాలి అనుకున్నాను. ఒంగోలులో స్టేజీ సామాను ఉంది గానీ, నాలుగు మైకులు వరసగా పెట్టి హెడ్‌ఫోన్స్‌లో వినిపించే షాపు నాకు దొరకలేదు. డిసెంబరు రెండో శనివారం సెలవు కలిసొచ్చింది. పొద్దున పినాకినీ ఎక్కి మావయ్యా నేనూ చెన్నై పోయాం. మధ్యాహ్నానికి సెంట్రల్‌లో దిగి, తినేసి, అక్కణ్నుంచి ఆటోలో మౌంట్ రోడ్డు.

సంగీత వాయిద్యాల షాపులో కుర్రాడికి తెలుగు వచ్చు. సంగతి చెబితే మూడు మైకులు పెట్టాడు. ఆడియో-టెక్నికా ఏటీ2020 కండెన్సర్, ష్యూర్ ఎస్‌ఎమ్58, బెరింజర్ ఎక్స్‌ఎమ్8500. చివరి రెండూ డైనమిక్, మావయ్య పాత స్టేజీ మైకు రకం. మావయ్యని పాడమంటే ఒక్కసారి గొంతు సవరించుకుని రాయబారం ఎత్తుకున్నాడు. గిటార్లు చూస్తున్న కాలేజీ పిల్లలు చుట్టూ చేరారు. పై అంతస్తులో పనివాళ్లు మెట్ల మీద నిలబడ్డారు. రాగం అయ్యాక ఒకాయన తమిళంలో ఏదో అడిగాడు. ఏ శ్రుతి అని అడుగుతున్నాడని కుర్రాడు చెబితే, మావయ్య నాలుగు వేళ్లు చూపించాడు.

మూడూ బాగున్నాయి. అసలు చిక్కే అది. కింద కార్పెట్టు, చుట్టూ వీణలు, పెట్టెలు, ఏసీ. ఆ గదిలో ఏది పెట్టినా బాగుంటుంది. అందుకని కుర్రాణ్ని, "ఏమనుకోకపోతే ఆ రోడ్డు వైపు తలుపు తీసి పెట్టు తమ్ముడూ," అన్నాను. అతను విచిత్రంగా చూసి తీశాడు. మౌంట్ రోడ్డు మొత్తం లోపలికి వచ్చింది. ఇప్పుడు మళ్లీ పాడించాం. ఏటీ2020లో పద్యం పక్కనే బస్సులు. డైనమిక్ రెండిట్లోనూ బస్సులు ఎక్కడో దూరంగా. ఆ ఒక్క పనితో ఎంపిక సగం తేలిపోయింది. విని కొనే వీలున్నవాళ్లు షాపువాడిని ఇది తప్పక అడగండి, ఇబ్బంది పడాల్సిందేమీ లేదు.

మిగిలిన సగం డబ్బు సంగతి. ఎస్‌ఎమ్58 1966 నుంచి తయారవుతోంది. "నువ్వు మొదటి వేషం కట్టకముందు నుంచీ ఉంది మావయ్యా ఇది," అంటే ఆయన చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. ధర పది వేలకి అటూ ఇటూ. అంటే మైకు ఒక్కదానికే నా మొత్తం అయిపోతుంది, దాన్ని ల్యాప్‌టాప్‌కి కలిపే ఇంటర్‌ఫేస్ లేకుండా. ఆన్‌లైన్‌లో సగం ధరకి కనిపించేవి ఉన్నాయి కదా అంటే కుర్రాడు నవ్వాడు. ఆ మైకుకి వచ్చినన్ని నకిలీలు ఇంకే మైకుకీ రాలేదట, బిల్లూ వారంటీ లేకుండా ముట్టుకోవద్దన్నాడు. ఎక్స్‌ఎమ్8500 రెండు వేల పైచిలుకు. మావయ్య గొంతులో రెండింటి తేడా కళ్లు మూసుకుని వింటే నాకు అంతగా తెలియలేదు. నా గొంతులో తెలిసింది, ఎస్‌ఎమ్58లో మాట ఇంకొంచెం విచ్చుకుని వచ్చింది. చేత్తో పట్టుకుని పాడేటప్పుడు వచ్చే గరగర కూడా దాంట్లో తక్కువ. మేం స్టాండుకే పెడతాం కాబట్టి ఆ సుగుణానికి డబ్బు పెట్టనక్కర్లేదనిపించింది. 2,150కి ఎక్స్‌ఎమ్8500 తీసుకున్నాను. గది నిశ్శబ్దంగా ఉండి, నేనొక్కణ్నే పాడేవాణ్నయితే ఎలాగైనా ఏటీ2020 కొనేవాణ్ని. తలుపు మూసి విన్న ఆ రెండు నిమిషాలు ఇంకా చెవుల్లో ఉన్నాయి.

పెట్టెలో మైకు, క్లిప్, గట్టి డబ్బా ఉన్నాయి, వైరు లేదు. ఇది చాలామందికి ఇంటికెళ్లాక తెలుస్తుంది. నడిచి ఎలక్ట్రానిక్స్ షాపులుండే రిచీ స్ట్రీట్ వెళ్లాం. అక్కడ ఒక షాపులో మూడు మీటర్ల ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ (మైకు వైరు) మా ముందే టంకం వేసి ఇచ్చాడు, 450. ఇంటర్‌ఫేస్ మటుకు నేను అనుకున్న బెరింజర్ యూఎమ్2 ఆ రోజు అక్కడ స్టాకు లేదు. మర్నాడు ఆన్‌లైన్‌లో పెట్టాను, 4,600. 18న వస్తుందన్నారు, 23న వచ్చింది. మధ్యలో నాలుగు రోజులు ఒంగోలు దాకా వచ్చి కదలకుండా కూర్చుంది. పార్శిల్ మన ఊళ్లోనే ఉందని ఫోన్‌లో చూస్తూ తెచ్చుకోలేకపోవడం ఒక రకం హింస.

స్టాండు ఇక్కడే 850కి కొన్నాను. క్లిప్ దానికి ఎక్కలేదు. మర సైజు వేరు. మార్చుకొద్దామని బయల్దేరబోతూ చూస్తే క్లిప్ లోపల ఇంకో చిన్న రింగు ఉంది, దానికి గాడి కూడా ఉంది. రూపాయి బిళ్ల పెట్టి తిప్పితే ఊడి వచ్చింది, క్లిప్ ఎక్కింది.

తర్వాత గది. పడకగదిలో పెట్టాం. వినేటప్పుడు తెలిసిందేమిటంటే ఈ మైకు ఎక్కువగా ముందు వైపే వింటుంది కాబట్టి మైకు వెనక ఎన్ని దుప్పట్లు కట్టినా పెద్ద ఉపయోగం లేదు. పాడే మనిషి వీపు వెనక గోడ మీదే కట్టాలి. దండెం కట్టి రెండు బొంతలు వేశాం. బీరువా ఇంకో తలనొప్పి. మావయ్య పై స్వరం అందుకోగానే తలుపు ఝంగుమంటోంది. సందులో మడిచిన పేపర్లు దోపి, లోపల ఖాళీ అరలో చీరలు కుక్కితే ఆగింది.

వేళ కుదరడం ఇంకా కష్టమైంది. ధనుర్మాసం. తెల్లవారుజామున ప్రశాంతంగా ఉంటుందనుకుంటే ఐదింటికే గుడి మైకులో తిరుప్పావై. దాన్ని కాదనలేం. సాయంత్రం కింద ట్యూషన్ పిల్లలు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒకటిన్నర నుంచి నాలుగు దాకా ఒక్కటే వీలైన వేళ. డిసెంబరు 28న మావయ్య వచ్చాడు. ఫ్యాన్ ఆపి, ఫ్రిజ్ ఆపి, సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ తెరిచి కూర్చున్నాను. ఇది ఉచితం, మన పనికి చాలు.

లెవెల్ చూడ్డానికి పాడమంటే ఆయన మెల్లగా రెండు మాటలు అన్నాడు. దానికి తగ్గట్టు గెయిన్ పెట్టాను. అసలు పద్యం మొదలుపెట్టాక నాలుగో పాదంలో ఎర్ర లైటు వెలిగింది. పరీక్షకి పాడేటప్పుడు ఎవరూ పూర్తి గొంతు విప్పరు. అందుకని రెండోసారి, "ఆఖరి రాగం ఒక్కటే తియ్యి," అని అడిగి దానికి గెయిన్ పెట్టాను. వచనం దగ్గర సన్నగా ఉంటుంది, పర్లేదు, తర్వాత పెంచుకోవచ్చు. పగిలిన రాగాన్ని మటుకు ఎవరూ అతకలేరు.

కదలకుండా నిలబెట్టడం ఇంకో పని. ఆయనకి పద్యం అంటే రెండడుగులు ముందుకి, ఒక చెయ్యి పైకి. మా ఆవిడ ముగ్గుపిండితో నేల మీద గీత గీసింది, అత్తని మంచం మీద కూర్చోబెట్టి గీత దాటితే చెప్పమన్నాం. మైకుకీ నోటికీ మధ్య జానెడు. పకారాలూ భకారాలూ పడ్డ చోట గాలి దెబ్బ తగులుతుంటే 80 రూపాయల ఫోమ్ తొడుగు వేసి, మైకుని నోటికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకి వాల్చాను. శ్రుతి కోసం తంబూరా యాప్ ఇయర్‌ఫోన్‌లో ఒక చెవికే పెట్టాం. రెండు చెవులూ మూస్తే, "నా గొంతు నాకే పరాయిదిగా ఉంది రా," అని తీసేశాడు.

మళ్లీ పాడమని అడగడానికి మొదట మొహమాటపడ్డాను. ఆయనే అన్నాడు, "వన్స్‌మోర్ అంటే ఊరికే పాడతామా ఏంది? చదివింపులేవి?" అత్త పది రూపాయల నోటు తీసి చేతిలో పెట్టింది. ఆ నవ్వులు కూడా ఫైల్‌లో ఉన్నాయి, చెరపలేదు.

అన్నిటికంటే బాగా వచ్చినవి జనవరి 4 ఆదివారం పొద్దున పాడినవి. లైను మీద చెట్ల కొమ్మలు కొడుతున్నారని కరెంటు తీశారు. వీధి వీధంతా నిశ్శబ్దం. మోటార్లు లేవు, మిక్సీలు లేవు, టీవీలు లేవు. ఇంటర్‌ఫేస్ యూఎస్‌బీ కరెంటుతోనే నడుస్తుంది, ల్యాప్‌టాప్ నిండా ఛార్జింగ్ ఉంది. కరెంటు వచ్చేలోపు అనుకున్న పద్యాలన్నీ అయిపోయాయి. కరెంటు పోవాలని కోరుకున్నది జీవితంలో అదే మొదలు.

నా పాటల సంగతి అంత గొప్పగా లేదు. మెత్తగా పాడితే ఈ మైకుకి గెయిన్ చాలా పెంచాలి, పెంచితే సన్నటి హోరు వస్తుంది. నాలుగు వేళ్ల దూరంలోకి వచ్చి పాడితే హోరు తగ్గింది, గొంతు కొంచెం బరువుగా మారింది. భజనలకి బాగానే ఉంది. తోచినప్పుడు పాడుకోవడానికి చాలు.

లెక్క చెప్పేస్తాను. మైకు, కేబుల్, ఇంటర్‌ఫేస్, స్టాండు, తొడుగు కలిపి 8,130. కండెన్సర్ మీద పోయిన 700, చెన్నై రైలు, ఆటో, భోజనాలు సుమారు 1,100. పది వేలకి కొంచెం ఇవతల ఆగాను. హెడ్‌ఫోన్స్ ముందే ఉన్నాయి, లేకపోతే ఆగేవాణ్ని కాదు. మైకు వాడనప్పుడు డబ్బాలో పెట్టి సిలికా జెల్ పొట్లం వేస్తున్నాను, సముద్రం గాలికి ఇక్కడ ఇనుము ఎలా అవుతుందో తెలిసిందే.

ఫైళ్లు వాట్సాప్‌లో పంపితే మొదట నాసిగా వెళ్లాయి. ఆడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపాను, ఉన్నది ఉన్నట్టు వెళ్లింది. మావయ్య స్నేహితులకి మటుకు మెమరీ కార్డే కావాలి, ఎంపీ3 చేసి ఎక్కించి ఇచ్చాను. విన్నాక అందరూ ఒకటే అడిగారట, హార్మోనియం ఏదని. టంగుటూరులో ఉండే హార్మోనిస్టు మార్చిలో పొగాకు వేలం మొదలయ్యే ముందు వస్తానన్నాడు. మావయ్య ఆయన ఎదురుగా కూర్చుంటేనే పాడతానంటున్నాడు, నా ఇంటర్‌ఫేస్‌కి మైకు పెట్టే చోటు ఒకటే. రెండు మైకుల ఇంటర్‌ఫేస్ ఎంతో కనుక్కుంటున్నాను.